మిథునంలో కనబడని పిల్లలు

తెలుగు సినిమాల్లో ముసలి తల్లిదండ్రులకు చాలాకాలంపాటు రెండే ఉద్యోగాలుండేవి. ఒకటి పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యడం. రెండోది, పెళ్ళిళ్ళయిన ఆ పిల్లల చేతుల్లో అగచాట్లు పడడం. వాళ్ళిద్దరి మధ్యా ఒక సంసారం సాగుతూ ఉంటుందనీ, అందులో అలకలూ సాధింపులూ రాజీలూ యాభై ఏళ్ళు దాటినా తరగవనీ, చివరికి ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు వెళ్ళక తప్పదనీ మన తెర పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఒక్క సంగతినే మొదటినుంచి చివరిదాకా పట్టుకుని తీసిన చిన్న సినిమా 'మిథునం'. 2012 డిసెంబరులో విడుదలయింది. దర్శకుడు తనికెళ్ళ భరణి. నిర్మాత శ్రీకాకుళానికి చెందిన మొయిద ఆనందరావు. తెర మీద నటులు ఇద్దరంటే ఇద్దరే - ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. విలన్ లేడు, ఫైట్లు లేవు, హీరోకి స్నేహితుడు కూడా లేడు. ఒక ఇల్లు, పెరడు, వంటగది, వాటి మధ్య ఇద్దరు మనుషులు.

ఈ సినిమా ఎక్కడినుంచి వచ్చిందో కొంత చెప్పి, దేశం విడిచి వచ్చి స్థిరపడిన మనలాంటి కుటుంబాలకు అది వేసే ప్రశ్న ఏమిటో ఆలోచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలం శ్రీరమణ గారి కథ. శ్రీరమణ 1952లో గుంటూరు జిల్లాలో పుట్టారు. పత్రికా రంగంలో పనిచేశారు. బాపు, ముళ్ళపూడి వెంకటరమణలకు ఆప్తులు. పాఠకలోకం ఆయన్ను ముందుగా గుర్తుపెట్టుకున్నది పేరడీలు రాసే చమత్కారిగా. ఎవరి గొంతునైనా అనుకరించి నవ్వించగల మనిషి, తన సొంత గొంతుతో చెప్పిన కథల్లో మిథునానిదే అగ్రస్థానం. 'బంగారు మురుగు' వంటి కథలు కూడా అదే సంపుటిలో ఉన్నా, తెలుగువాళ్ళ నోళ్ళలో నానింది ఇదే. ఇది అంత ప్రచారంలోకి రావడానికి బాపు గారి చెయ్యి కూడా ఒక కారణం. చెయ్యి అంటే సిఫార్సు కాదు, అక్షరాలా చెయ్యే. కథ ఎంతగానో నచ్చి ఆయన దాన్ని మొత్తం తన దస్తూరీతో రాశారు. ఆ రాతప్రతే అచ్చయి చేతులు మారింది. ఒక చిత్రకారుడు బొమ్మ వెయ్యడం మాని, ఇంకొకరి కథను అక్షరం అక్షరం దిద్దుకుంటూ కూర్చోవడం మన సాహిత్య చరిత్రలో అరుదైన సంఘటనే.

తెలుగు కథ తెలుగులో సినిమా కావడానికి ముందే మలయాళంలో అయిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఈ కథను తీసుకుని 2000లో 'ఒరు చెరు పుంచిరి' అనే సినిమా తీశారు. ఒక చిన్న చిరునవ్వు అని ఆ పేరుకు అర్థం. ఒడువిల్ ఉన్నికృష్ణన్, నిర్మలా శ్రీనివాసన్ భార్యాభర్తలుగా నటించారు. పర్యావరణ పరిరక్షణ విభాగంలో దానికి జాతీయ పురస్కారం వచ్చింది. ముసలివాళ్ళ సంసారం కథకు పర్యావరణం బహుమతి ఏమిటని నవ్వుకోనక్కరలేదు. చెట్టూ చేమా, పాదూ పందిరీ ఆ దంపతులకు పిల్లలతో సమానం. పిల్లలు ఎగిరిపోయాక మిగిలిన సంతానం అదే. మస్కట్‌లోనైనా సలాలాలోనైనా మనతో ఆస్పత్రుల్లో పనిచేసే మలయాళీ నర్సులను అడిగి చూడండి. ఆ సినిమా చూసినవాళ్ళు తప్పక కొందరు కనిపిస్తారు, అది గుంటూరు వాడి కథ అంటే ఆశ్చర్యపోతారు. గల్ఫ్‌కు మనకంటే ముందు, మనకంటే ఎక్కువగా మనుషులను పంపిన నేల కేరళ. ఖాళీ అయిన పెద్ద ఇళ్ళు, వాటిలో ఇద్దరేసి ముసలివాళ్ళు - ఆ దృశ్యం వాళ్ళకు ముందే పరిచయం. కథ విలువ వాళ్ళు ముందుగా పసిగట్టడంలో వింత లేదు.

పన్నెండేళ్ళ తరవాత భరణి దాన్ని సొంత భాషలోకి తెచ్చారు. ఇందులో అప్పదాసు రిటైరయిన మాస్టారు. బుచ్చిలక్ష్మి ఆయన ఇల్లాలు. పిల్లలందరూ రెక్కలొచ్చి విదేశాల్లో స్థిరపడ్డారు. అప్పదాసుకు జిహ్వచాపల్యం జాస్తి. కాఫీ దగ్గరనుంచి పప్పు పోపుదాకా ప్రతిదానికీ ఆయనకొక శాస్త్రం ఉంది. బుచ్చిలక్ష్మికి దానికి విరుగుడుగా ఒక నోరు ఉంది. పొద్దున్న మొదలైన కీచులాట రాత్రి పక్కలు పరుచుకునేదాకా సాగుతుంది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోరు. అలిగిన మనిషి ముందు ఇష్టమైన వంటకం పెట్టడం, మాట్లాడనని భీష్మించిన మనిషి పెరట్లోంచి ఒక పువ్వో కాయో తెచ్చి చేతిలో పెట్టడం - క్షమాపణ అంటే అంతే. తెలుగు ఇళ్ళల్లో మన అమ్మానాన్నలు 'నన్ను క్షమించు' అని ఒకరితో ఒకరు అనుకోగా మనలో ఎంతమంది విన్నాం? ఆ మాట మన సంసారాల్లో వాడుకలో లేదు. ఆ పని మాత్రం రోజుకు పదిసార్లు జరుగుతుంది. ఈ సినిమా గొప్పతనంలో సగం, అనని ఆ మాటను కంచంలోనూ గ్లాసులోనూ చూపించడంలో ఉంది.

మిగిలిన సగం, పిల్లలను చూపించకపోవడంలో ఉంది.

దీన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1972లో వచ్చిన 'బడిపంతులు' మన పెద్దవాళ్ళందరూ చూసిన సినిమా. ఎన్.టి. రామారావు, అంజలీదేవి నటించారు. కన్నడంలో 1958లో బి.ఆర్. పంతులు తీసిన 'స్కూల్ మాస్టర్' దానికి మాతృక. రిటైరయిన పంతులుగారినీ ఆయన భార్యనూ కొడుకులు పంచుకుని, ఒకరిని ఒక ఇంట్లో, మరొకరిని ఇంకో ఇంట్లో పెట్టుకుంటారు. ముసలితనంలో దంపతులకు ఎడబాటు. ఆ కథకు జనం ఏడ్చారు. ఆ ఒరవడిలో తరవాత ఎన్నో సినిమాలు వచ్చాయి. వాటిలో దాదాపు ప్రతిదానికీ చివర్న ఒక సీను ఖాయం: కొడుకులూ కోడళ్ళూ కళ్ళు తెరిచి కాళ్ళమీద పడడం, తల్లి వెంటనే కొంగుతో కళ్ళు తుడుచుకుని లేవనెత్తడం. హాల్లో కూర్చున్న కొడుకులు కూడా ఆ క్షణంలోనే ఏడ్చి, తేలికపడి, బయటికి వచ్చి సైకిలెక్కి ఇంటికి వెళ్ళేవారు. ఆ సీను తెరమీది కొడుకులకు ఎంత పాపవిమోచనమో, టిక్కెట్టు కొన్న కొడుకులకూ అంతే.

మిథునం ఆ సౌకర్యం మనకు ఇవ్వదు. కాళ్ళమీద పడడానికి కొడుకు తెరమీద లేడు. లేవనెత్తడానికి తల్లి ఉంది గాని, వంగిన తల లేదు. పిల్లలు దుర్మార్గులని సినిమా ఎక్కడా అనదు, నిందించదు. వాళ్ళు లేరు, అంతే. తిట్టి ఉంటే మనం ఎదురు వాదించుకునేవాళ్ళం: 'మేం డబ్బు పంపడం లేదా, ఫోను చెయ్యడం లేదా?' అని. తిట్టనివాళ్ళతో వాదం ఎలా పెట్టుకుంటాం? వాళ్ళు మనల్ని అడగకుండానే క్షమించేశారు. మన వయసువాళ్ళకు సినిమా అయిపోయాక చాలాసేపు మాట రాకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

జపానులో యసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' సినిమా ప్రపంచంలోని అత్యుత్తమ చిత్రాల పట్టికల్లో తరచు కనబడుతుంది. ఓనోమిచి అనే చిన్న ఊరినుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడడానికి రాజధానికి వస్తారు. పెద్దకొడుకు డాక్టరు. అందరూ కలిసి ఊరు చూడడానికి బయలుదేరే సమయానికి, రోగికి బాగాలేదని కబురొచ్చి అతడు వెళ్ళిపోవలసి వస్తుంది. అతడు చెడ్డవాడు కాదు, చేసింది తప్పూ కాదు. ఈ వృత్తిలో ఉన్న మనకు ఆ సీను చూస్తూ కూర్చోవడం కష్టం. ఊరికి తిరిగి వెళ్ళిన తల్లి కొద్దిరోజుల్లోనే చనిపోతుంది. పిల్లలు వస్తారు, అంత్యక్రియలవుతాయి, జ్ఞాపకంగా ఉంచుకోవడానికి కూతురు అమ్మ బట్టలు అడుగుతుంది, అందరూ రైలెక్కుతారు. కొన్నాళ్ళు ఉండేది యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే. ఇంట్లో మిగిలిన చిన్నకూతురు అన్నల మీదా అక్క మీదా మండిపడితే, ఆ వదినే సర్దిచెబుతుంది: ఎవరి జీవితాలు వాళ్ళవయ్యాక ఇలాగే అవుతుంది అని. అక్కడ కూడా క్షమాపణ అడిగినవాళ్ళు లేరు, ఇచ్చినవాళ్ళే ఉన్నారు.

మరొక విచిత్రం: మిథునం వచ్చిన 2012లోనే ఫ్రెంచి భాషలో మైకెల్ హనెకె 'అమూర్' అనే సినిమా తీసి కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్నాడు. అక్కడా రిటైరయిన ఉపాధ్యాయ దంపతులే, సంగీతం నేర్పినవాళ్ళు. అక్కడా కూతురు పరదేశంలోనే. భార్యకు పక్షవాతం వస్తుంది, భర్త ఒక్కడే చాకిరీ చేస్తాడు, ఆ చాకిరీ చివరికి భయంకరమైన ముగింపుకు దారితీస్తుంది. ఆ రెండు సినిమాలనూ ఒకే వారంలో చూస్తే, ఒకే ఇంటికి ముందు తలుపునుంచి ఒకసారీ వెనక తలుపునుంచి ఒకసారీ వెళ్ళినట్టుంటుంది. వెనక తలుపు దగ్గర మందుల వాసన ఉంటుంది. దాదాపు ప్రతి ఇల్లూ ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండు తలుపులూ చూడవలసిందే.

ఇప్పుడు కథలోని అసలు కీలకానికి వస్తాను. మన ఆచారంలో ఇల్లాలికిచ్చే పెద్ద దీవెన 'దీర్ఘసుమంగళీ భవ'. నోములన్నిటి పరమార్థమూ అదే: పసుపుకుంకుమలతో, భర్త చేతులమీదుగా వెళ్ళిపోవడం. అలా పోయిన మనిషిని చూసి ఊరంతా 'పుణ్యాత్మురాలు' అనుకుంటారు. బుచ్చిలక్ష్మి ఆ దీవెనను తలకిందులు చేసింది. అప్పదాసే ముందు పోవాలని ఆమె కోరిక. తాను ముందు పోతే ఈ మనిషికి వేళకు ఇంత వండిపెట్టేదెవరు, ఈయన చాదస్తం భరించేదెవరు, ఈయన మాట పడేదెవరు అన్నది ఆమె దిగులు. వైధవ్యం అనే శిక్షను, ఆ తరం స్త్రీకి దానికంటే పెద్ద శిక్ష లేదు, ఆమె భర్తకోసం తనమీద వేసుకుంది. శ్రీరమణ దీన్ని ఉపన్యాసంగా చెప్పలేదు, వంటింటి మాటలాగే చెప్పించారు. వంద నోముల పుస్తకాలకు ఎదురు నిలబడే మాట అది.

వైద్యుడిగా నన్ను ఆశ్చర్యపరిచేదేమంటే, బుచ్చిలక్ష్మి లెక్క శాస్త్రరీత్యా కూడా చాలావరకు సరైనదే. 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పార్క్స్, బెంజమిన్, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు ఒక పరిశోధన ప్రచురించారు. 55 ఏళ్ళు పైబడి, భార్య పోయిన 4,486 మంది పురుషులను వాళ్ళు గమనించారు. వారిలో 213 మంది, భార్య పోయిన మొదటి ఆరు నెలల్లోనే చనిపోయారు. అదే వయసున్న వివాహితుల్లో ఎదురుచూడదగిన మరణాలకంటే అది 40 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో పెద్ద భాగం గుండెజబ్బులది. తరవాత ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు ఇదే ధోరణి చూపాయి. భర్త పోయిన స్త్రీకంటే భార్య పోయిన పురుషుడికి ఈ ప్రమాదం ఎక్కువన్నది కూడా వాటిలో చాలావాటిలో తేలింది. కారణాలు ఒకటి కాదు. వేళకు తిండి తప్పిపోవడం, బీపీ మాత్రలు గుర్తుచేసే మనిషి లేకపోవడం, నిద్రలేమి, మాట్లాడే తోడు కరువవడం, వీటన్నిటితోపాటు శోకం శరీరంలో కలిగించే మార్పులు.

శోకం గుండెను నేరుగా దెబ్బతీస్తుందని కూడా తెలిసింది. 1990లో జపాను వైద్యులు ఒక స్థితిని వర్ణించి దానికి 'తకోత్సుబో' అని పేరు పెట్టారు. తీవ్రమైన మనోవేదన కలిగినప్పుడు గుండె ఎడమ జఠరిక బెలూనులా ఉబ్బి, ఆక్టోపస్‌లను పట్టడానికి అక్కడి బెస్తవాళ్ళు సముద్రంలో దించే కుండ ఆకారంలోకి వస్తుంది. ఛాతీనొప్పి, ఇ.సి.జి. మార్పులు అన్నీ గుండెపోటులాగే ఉంటాయి, రక్తనాళాల్లో మాత్రం దానికి కారణమనదగ్గ అడ్డు కనబడదు. ఇది ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలలో కనబడుతుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. 'గుండె పగిలింది' అని మన నాయనమ్మలు అనే మాట ఊరికే పోలేదు.

మరి మొదటి ఆరు నెలలు అంత ప్రమాదమైతే, మన పూర్వులు ఏం చేశారు? పోయినవారికి నెలనెలా మాసికాలు, ఏడాది నిండాక సంవత్సరీకం పెట్టారు. అవి పోయినవారి ఆత్మకోసమని శాస్త్రం చెబుతుంది. అయితే ఫలితం మాత్రం ఉన్నవాళ్ళకూ దక్కేది. నెలకొకసారి పిల్లలు వస్తారు, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, నలుగురి మధ్య మిగిలిన మనిషి నాలుగు ముద్దలు తింటారు. ఇక్కడ ఒమాన్‌లో మన ఇరుగుపొరుగున చూస్తూనే ఉన్నాం: ఇంట్లో ఎవరైనా పోతే మూడు రోజులు పరామర్శకు జనం బారులు తీరతారు, అన్నం బయటినుంచే వస్తుంది. భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది. ఏ మతం తీసుకున్నా శోకానికి ఒక క్యాలెండరు ఏర్పాటు చేసింది. మన సెలవు కాగితాల్లో మాత్రం ఆ క్యాలెండరుకు చోటు లేదు. పెద్దకర్మ అయిన మర్నాడే విమానం, ఆ మర్నాడు డ్యూటీ. ఓనోమిచిలో రైలెక్కిన పిల్లలకూ మనకూ తేడా బండిలోనే.

ఇక్కడ మన చరిత్ర కూడా కొంచెం గుర్తు చేసుకోవాలి. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ పాలన చేపట్టేనాటికి ఈ దేశంలో మూడే బడులు, పది కిలోమీటర్ల తారురోడ్డు ఉండేవంటారు. తరవాతి ఇరవై ఏళ్ళలో ఊరూరా ఆస్పత్రులు, ఆరోగ్య కేంద్రాలు లేచాయి. వాటిలో పనిచెయ్యడానికి వచ్చినవాళ్ళలో మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక ఖాళీ నిండినప్పుడల్లా అక్కడ ఏదో ఒక ఇంట్లో ఒక ఖాళీ ఏర్పడింది. ఆ రోజుల్లో ఉత్తరాలు, క్యాసెట్లలో నింపి పంపిన మాటలు. ఇప్పుడు రోజూ ఫోనులో ముఖాలు చూసుకుంటాం. దూరం తగ్గిందనుకున్నాం.

తగ్గలేదని 2020 చెప్పింది. ఆ మార్చి ఆఖరు వారంలో విమానాలు ఆగిపోయాయి. మస్కట్‌నుంచి హైదరాబాదుకు మూడు గంటల దారి నెలల దారి అయిపోయింది. మే నెలలో ప్రత్యేక విమానాలు మొదలైనా సీటు అందరికీ దొరకలేదు. తండ్రి చితిని ఫోనులో చూసి, ఇక్కడ స్నానం చేసి కూర్చున్నవాళ్ళు ప్రతి ఊరి తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 25న, కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి వారాల తరబడి పోరాడిన బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నైలో కన్నుమూశారు. ఆ రాత్రి ఎన్నో ఇళ్ళల్లో ఆయన పాటలు వేసుకున్నారు. కొన్ని ఇళ్ళల్లో మిథునం మళ్ళీ చూశారు. అప్పదాసు పోవడం ఈసారి నటన అనిపించలేదు. శ్రీరమణ గారు 2023 జూలైలో, మలయాళంలో ఆ కథకు ప్రాణం పోసిన వాసుదేవన్ నాయర్ 2024 డిసెంబరులో వెళ్ళిపోయారు.

సినిమా మీద విమర్శ లేకపోలేదు. పెరటి పంట, పాడి ఆవు, ఒంట్లో ఓపిక ఉన్న ముసలితనం అందరికీ దొరకదు. ఇంత నిశ్చింతగా తినీ తిరిగీ పోట్లాడుకునే దంపతులు ఎందరున్నారన్న ప్రశ్న న్యాయమైనదే. మోకాళ్ళ నొప్పులు, మతిమరుపు, మంచాన పడడం ఈ ఇంట్లోకి దాదాపు రావు. అందుకే దాని పక్కన అమూర్ కూడా పెట్టాను. బుచ్చిలక్ష్మి చాకిరీని మరీ అందంగా చూపించారనే స్త్రీల మాటలోనూ నిజం ఉంది. యాభై ఏళ్ళు ఒకే మనిషి వండితే, రెండో మనిషికి ఒంటరిగా బతకడం చేతకాకుండా పోతుంది. ఆమె భయానికి మూలమూ, పై లెక్కల్లో మగవాళ్ళ మరణాలకు ఒక మూలమూ అక్కడే ఉన్నాయి. మన నాన్నలకు అన్నం వార్చుకోవడం నేర్పించడం కూడా గుండెజబ్బు నివారణే సుమా!

కాబట్టి ఈ సినిమా చూసి కంటతడి పెట్టుకుని ఊరుకోకుండా మనం చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరూ ఉన్నప్పుడే, ఒకరు లేకపోతే రెండోవారు ఎక్కడ, ఎవరి దగ్గర ఉండాలనుకుంటున్నారో వాళ్ళనే అడగాలి. అశుభమని దాటెయ్యకూడదు, బుచ్చిలక్ష్మి ఎప్పుడో ఆలోచించింది, మన అమ్మలూ ఆలోచించే ఉంటారు. ఒకరు పోయిన తరవాత మొదటి ఆరు నెలలనూ జబ్బు తరవాత కోలుకునే కాలంలాగే చూడాలి. బీపీ, చక్కెర, బరువు, నిద్ర - నెలనెలా ఎవరో ఒకరు చూసే ఏర్పాటు ఉండాలి. ఏడాది సెలవంతా పెద్దకర్మకే ఖర్చుపెట్టకుండా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వంతులు వేసుకుని మాసికాలకు ఒకరు తరవాత ఒకరు వెళ్ళగలిగితే మేలు. మాసికం పెట్టే ఆచారం లేని ఇళ్ళవాళ్ళు కూడా ఆ తేదీని గుర్తుపెట్టుకోవచ్చు.

తల్లిదండ్రుల క్షమ మనకు అడక్కుండానే దొరికింది. దొరికింది కదా అని అక్కడితో లెక్క తీరిపోయినట్టు కాదు. బుచ్చిలక్ష్మి అప్పదాసును క్షమించింది మాటతో కాదు, వేళకు పెట్టిన అన్నంతో. మనం తీర్చుకోవలసిందీ ఆ పద్ధతిలోనే.